నూట పద్నాలుగో పేజీ, ఆరో పంక్తి

డేగమ్మ దగ్గర మూడు ఎర్ర కలాలూ ఒక నియమమూ ఉండేవి. కలాలు అరిగిపోయినప్పుడు మార్చేది. నియమాన్ని మాత్రం పదహారేళ్లుగా మార్చలేదు: చదివినదాన్ని అర్థం చేసుకోకూడదు.

వినడానికి ఇది అజ్ఞానానికి పట్టిన గొడుగులా ఉంటుంది గాని, ప్రూఫులు దిద్దే వృత్తిలో ఇంతకు మించిన జ్ఞానం లేదు. అర్థం వెంట పడ్డ కన్ను అక్షరాన్ని వదిలేస్తుంది. కథ రక్తి కట్టిందంటే ఎక్కడో ఒక కామా జారిపోయిందన్నమాటే. అందుచేత డేగమ్మ కోర్టు తీర్పులను ఎవరు గెలిచారో తెలియకుండా చదివింది. ప్రేమ నవలలను కంట తడి పెట్టకుండా చదివింది. ఆస్పత్రివారి మందుల కైపుస్తకాన్ని మూడుసార్లు ఆమూలాగ్రంగా దిద్ది, జలుబుకు ఏ మాత్ర వేసుకోవాలో ఎదురింటివాళ్లను అడిగింది.

డేగ అనే బిరుదు ఆమెకు ప్రెస్సు ఫోర్‌మన్ ప్రదానం చేసినది. ఆయన్ను అందరూ బాబాయి అంటారు. ఎవరికీ బాబాయి కాడు, ఎవరూ అడగలేదు. ఏడాదిన్నర కిందట ఆమె తాను స్త్రీనని, పుట్టిన నాడు కాగితం మీద ఎవరేం రాసినా ఇకమీదట స్త్రీగానే బతుకుతానని ప్రెస్సులో అందరి ముందూ నిలబడి చెప్పింది. మెషిన్లు ఆగాయి. బాబాయి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"అయితే డేగ కాదు, డేగమ్మ. సరే గాని, ఆ రైళ్ల టైంటేబుల్ ప్రూఫులేవి?"

రాజ్యాంగ సవరణ అంతటితో పూర్తయింది. మెషిన్లు మళ్లీ తిరిగాయి.

ఇంట్లో సవరణకు కొంచెం ఎక్కువ కాలం పట్టింది. ఆమెకున్నది ఒక్కతే అక్క. ముందు గదిలో బట్టలు కుడుతుంది, వెనక గదిలో తిడుతుంది. ముప్పై ఏళ్లకు పైగా "ఒరే" అని పిలిచి గట్టిపడిన నోటిని "ఒసే" వైపు తిప్పడానికి మూడు వారాలు కఠోర సాధన చేసింది. ఇస్త్రీ చేస్తూ చొక్కాలతో "ఏమే, ఒసే, ఇలా రావే" అని మాట్లాడటం చూసి, బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయేవారు. నాలుగో వారంలో, పాలు పొంగిపోతుంటే, ఏ సాధనా లేకుండా "ఒసే మొద్దూ, స్టవ్వు కట్టెయ్యవే!" అని అరిచింది. డేగమ్మ స్టవ్వు కట్టలేదు. అక్కడే నిలబడి నవ్వింది. పాలన్నీ పోయాయి. ఆ ఇంట్లో అంత ఆనందంగా పాలు పోవడం అదే మొదలు.

ఇక డేగమ్మ దేహమనే సామ్రాజ్యాన్ని రెండు మందులు ఏలుతుండేవి. మొదటిది పందొమ్మిదో ఏట కొలువుదీరిన తెల్లమాత్ర. దాని పేరు లామోట్రిజిన్. అంతకు ముందు తలలో ఉన్నట్టుండి మెరుపులు లేచి ఆమెను నేల మీద పడేసేవి. ఆ మాత్ర మోతాదు కుదిరాక, పదేళ్లుగా ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు. రెండోది ఎనిమిది నెలల కిందట ప్రవేశించిన ఈస్ట్రోజెన్. అద్దంలో కనిపించే మనిషికీ అద్దం ముందున్న మనిషికీ మధ్య జీవితమంతా నడిచిన వ్యాజ్యాన్ని అది నెమ్మదిగా, రోజుకింత చొప్పున, రాజీ చేస్తూ వచ్చింది. ఈ ఇద్దరు ప్రభువులకూ సరిహద్దు తగాదాలేమీ లేవని అందరూ నమ్మారు. ఎవరూ అడగలేదు గనక నమ్మడం తేలికైంది.

మొదట ఒక రైలు మాయమైంది.

పది నలభైకి బయలుదేరాల్సిన ప్యాసింజరు, టైంటేబుల్‌లో లేదు. రైల్వేవాళ్లు పంపిన కాగితంలో ఉంది, అచ్చులో లేదు, మధ్యలో ఉన్నది డేగమ్మ. స్టేషన్ మాస్టరు ఫోను చేసి, "మీ పుస్తకంలో లేకపోయినా రైలు వచ్చిందండీ, ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. పదహారేళ్లలో మొదటి తప్పు అని బాబాయి నవ్వి ఊరుకున్నాడు. మరుసటి నెల ఒక తీర్పులో రెండు పంక్తులు ఎగిరిపోయాయి. ఆ పై నెల ఒక నిఘంటువులో సగం కాలమ్ పోయింది. ఇంట్లో అన్నం తింటూ తింటూ డేగమ్మ చెంచా పట్టుకుని అలా గాలిలోకి చూస్తూ అర నిమిషం ఉండిపోయింది. పెదాలు మాత్రం ఏదో నములుతున్నట్టు కదిలాయి. "ఏంటే?" అని అక్క అడిగితే, "ఏంటి?" అంది. ఆ అర నిమిషం ఆమె లెక్కలో లేనే లేదు.

తర్వాతి సోమవారం, కటింగ్ మెషిను పక్కన, పట్టపగలు, పడిపోయింది.

ఆస్పత్రి మూడో అంతస్తులో నరాల డాక్టరుగారి కొలువు. బల్ల మీద ఊడదీసి బిగించగల ప్లాస్టిక్ మెదడు ఒకటి ఉంటుంది. అందులో ఎడమ పక్క ముక్క ఎప్పుడో పోయింది. ఆ ఖాళీలో ఆయన పేపరు పిన్నులు పోసుకుంటాడు. చెడ్డవాడు కాడు. పదేళ్లు ఆమెను కాపాడిన మోతాదు ఆయన రాసినదే. కాబట్టి తన మాత్ర ఓడిపోయిందంటే ఆయనకు మనసొప్పలేదు.

"టెన్షన్లేమైనా ఉన్నాయా?"

"ఉందండీ. మూర్ఛలొస్తున్నాయని టెన్షను," అంది డేగమ్మ.

"మాత్రలు మానేస్తున్నావా?"

"నేను డబ్బా చూసి లెక్కపెడతానండీ," అంది అక్క. "అది మానేసే రకం కాదు. నేను మర్చిపోతే నన్నే తిడుతుంది."

డాక్టరుగారు కాగితాలు తిరగేశాడు. "పదేళ్లు బాగున్నావు. కొత్తగా వచ్చి చేరిందేమిటి? హార్మోను. అంతేగా? మూడు నెలలు అది ఆపేసి చూద్దాం."

"ఆపితే నేనేమవుతానండీ?"

"ఏమీ అవ్వవు. పాతలాగే ఉంటావు."

"పాతలా ఉండటమేనండీ దానికున్న జబ్బు," అంది అక్క.

ఆయన దీన్ని వైద్యపరమైన అభిప్రాయంగా స్వీకరించలేదు. "మంగళవారం రండి. ఈలోగా ఆలోచించుకోండి. ఆ రోజు మీ హార్మోన్ల డాక్టరమ్మకు ఆపేయమని ఉత్తరం రాసేస్తాను."

ఆస్పత్రిలో అంత గొప్పగా మాట్లాడిన అక్క, ఇంటికొచ్చాక కుట్టుమిషను ముందు కూర్చుని దారం ఎక్కించలేకపోయింది. సూది బెజ్జం చుట్టూ దారం మూడుసార్లు తిరిగింది.

"మూడు నెలలేగా," అంది చివరికి, తల ఎత్తకుండా. "ఆ మెషిను కత్తి నీకు జానెడు దూరంలో ఉందట. బాబాయి చెప్పాడు. నాకు నువ్వు కావాలే."

"మూడు నెలలు నన్ను మళ్లీ 'ఒరే' అంటావా అక్కా?"

అక్క నోటికి ఆ మాట ఇప్పుడు ఎంత ప్రయత్నించినా రాదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అయినా మంగళవారం మంగళవారమే. అది నాలుగు రోజుల దూరంలో తాపీగా కూర్చుని ఉంది.

బాబాయి ఆమెను మెషిన్ల దరిదాపులకు రానివ్వలేదు. "స్టోరు గదిలో కూర్చో. పాత ప్రూఫులు గుజ్జు మిల్లుకు పోవాలి. ఏడాది దాటినవి అటు, దాటనివి ఇటు. కాగితం మీద పడితే దెబ్బ తగలదు," అన్నాడు. డేగను కోళ్ల గూటికి కాపలా పెట్టినట్టుందని ఆమెకు అనిపించింది గాని పైకి అనలేదు.

ఆ ప్రెస్సులో బాబాయి శాసనం ఒకటుంది. దిద్దిన ప్రతి పేజీ మూలలో తేదీ, చదవడం మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం వేసి పొడి సంతకం చెయ్యాలి. ఎందుకని ఎవరూ ఎదిరించలేదు, ఎందుకో బాబాయికే గుర్తులేదు. డేగమ్మ పేజీకి నాలుగు నిమిషాలు. పదహారేళ్లు, వేల పేజీలు, నాలుగు నిమిషాలు. అక్కడక్కడా అయిదు.

మొదటి రోజు మధ్యాహ్నానికి ఆమె చేయి ఆగింది. ఇటు పక్క కట్టలో, ఆరు నెలల కిందటి పేజీ మీద ఏడు నిమిషాలు. తర్వాత పదిహేను పేజీలు నాలుగు. మళ్లీ ఏడు. పై నెలలో వారానికి రెండు. ఆ పై నెలలో రోజుకొకటి. ఏడు నిమిషాల పేజీ మీదల్లా సంతకం తోక వంకర పోయి ఉంది. మాయమైన రైలు ఏడు నిమిషాల పేజీలోదే. ఎగిరిపోయిన తీర్పూ ఏడు నిమిషాల పేజీలోదే. తలలో మెరుపులు మెరిసిన ప్రతిసారీ తానే, తనకు తెలియకుండా, సమయంతో సహా పొడి సంతకం చేసి పెట్టింది. పర్సులోంచి హార్మోన్ల డాక్టరమ్మ చీటీలు తీసి పక్కన పరిచింది. హార్మోను మోతాదు పెంచిన రెండు తేదీల తర్వాతా ఏడు నిమిషాలు చిక్కబడ్డాయి.

డాక్టరుగారు చెప్పింది నిజమేనన్నమాట. హార్మోనుదే తప్పు. తన వినాశనానికి సాక్ష్యం తానే తయారు చేసి, క్రమపద్ధతిలో భద్రపరచి, ఇప్పుడు తేదీల వారీగా అమర్చింది కూడా. ఇంతటి వృత్తినిష్ఠ మరొకరికి సాధ్యం కాదు.

కళ్లు తుడుచుకుని, చేతికందిన తర్వాతి కట్ట లాగింది. రెండేళ్ల కిందటిది, అటు పక్క పోవాల్సింది. ఆస్పత్రివారి మందుల కైపుస్తకం. పైకి వచ్చిన పేజీ నూట పద్నాలుగు. ఆరో పంక్తి ఒక అక్షరమంత లోపలికి జరిగి ఉందని, దాన్ని అంచుకు లాగమని తన ఎర్ర గుర్తు. నాలుగు నిమిషాలు, నిటారైన సంతకం. పేజీ నెత్తిన మందు పేరు: లామోట్రిజిన్.

డేగమ్మ అటూ ఇటూ చూసింది. స్టోరు గదిలో ఎవరూ లేరు. పదహారేళ్లలో ఎన్నడూ చెయ్యని పాపం అప్పుడు చేసింది. చదివినదాన్ని అర్థం చేసుకుంది.

*ఈస్ట్రోజెన్ ఉన్న మందులు వాడే స్త్రీలలో ఈ మందు రక్తంలో బాగా తగ్గిపోవచ్చు. రక్తంలో మట్టం కొలిచి, అవసరమైతే మోతాదు పెంచాలి.*

మరోసారి చదివింది. హార్మోను ఆపాలని అందులో ఎక్కడా లేదు. తెల్లమాత్ర పెంచాలని ఉంది. తన ప్రాణాన్ని గట్టెక్కించే వాక్యాన్ని తానే చేత్తో పట్టుకుని, కుదురుగా నిలబెట్టి, దుమ్ము దులిపి లోకానికి పంపింది. అది తన గురించేనని మాత్రం గమనించలేదు.

"బాబాయ్!" అని ఆమె వేసిన కేకకు మూర్ఛ వచ్చిందేమోనని ప్రెస్సంతా పరిగెత్తుకొచ్చింది.

మంగళవారం పొద్దున్నే ముగ్గురి దండు ఆస్పత్రి మూడో అంతస్తును ముట్టడించింది. ముందు డేగమ్మ, వెనక అక్క, ఆ వెనక రెండు కట్టల ప్రూఫులు భుజాన వేసుకుని ఆయాసపడుతూ బాబాయి. లిఫ్టు పనిచెయ్యడం లేదు. చరిత్రలో ఏ దండయాత్రకూ లిఫ్టు లేదని బాబాయి సర్దుకున్నాడు.

డాక్టరుగారు ముందు ఏడు నిమిషాల పేజీలు చూశాడు. కనుబొమలు లేచాయి. "ఇంత వివరంగా నాకు ఏ పేషెంటూ తేలేదు," అన్నాడు. తర్వాత నూట పద్నాలుగో పేజీ చూశాడు. "ఇది మా పుస్తకమే."

"మీదేనండీ. ఆ పేరా రాసింది కూడా మీరే. కింద మీ పేరు పొడి అక్షరాల్లో ఉంది," అంది డేగమ్మ.

రాసినాయన గుర్తుపెట్టుకోలేదు, దిద్దినామె అర్థం చేసుకోలేదు. ఆ ఒక్క వాక్యం ఇద్దరి మధ్యా అనాథలా రెండేళ్లు తిరిగింది.

"నిజమే, కాని..." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇది స్త్రీల గురించమ్మా."

"'అమ్మా' అని మీరే అంటున్నారు కదండీ," అంది అక్క. "ఇంకేం సందేహం?"

బాబాయి దగ్గినట్టు నటించాడు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఏదో తట్టినట్టు కంప్యూటరు వైపు తిరిగాడు.

"ఇదే వాక్యాన్ని దీంట్లో కూడా పెట్టించాం. ఈ రెండు మందులూ ఒకే మనిషికి రాస్తే తెర మీద ఎర్ర హెచ్చరిక పెట్టె రావాలి. ఎందుకు రాలేదు?" అంటూ మొదటి పేజీకి వెళ్లాడు. పేరు. వయసు. లింగం: పురుషుడు. ఆయన వేలు అక్కడే ఆగిపోయింది. "మగవాళ్లు ఈస్ట్రోజెన్ వాడరు గదా, అనవసరంగా ఎందుకు అరవాలి అని... మగవాళ్లకు ఈ హెచ్చరిక తీసెయ్యమని మేమే చెప్పాం."

"చెప్పింది ఎవరండీ?" అంది అక్క.

"నేనే," అన్నాడాయన. ఆ ఒక్క మాటతో అక్క ఆయన్ను క్షమించేసింది. ఒప్పుకునే మగవాళ్లను ఆమె అంతవరకు పత్రికల్లోనే చూసింది.

ఉత్తరం రాయాల్సిన కలం జేబులోకి వెళ్లింది. ఫోను చేతిలోకి వచ్చింది. హార్మోన్ల డాక్టరమ్మ గొంతు గదంతా వినబడేట్టు పెట్టాడు. ఆమె అంతా విని, "ఈ ప్రశ్న మొదటి రోజే నేనూ అడగాల్సింది," అంది.

"అసలేం జరుగుతుందమ్మా లోపల?" అని అడిగింది డేగమ్మ.

"మీ కాలేయం ఆ తెల్లమాత్రను ఊడ్చి బయటపడేస్తూ ఉంటుంది. ఈస్ట్రోజెన్ వచ్చాక ఆ చీపురుకు జోరెక్కవచ్చు. మీరు అదే మోతాదు వేసుకుంటున్నారు, రక్తంలో మాత్రం మిగలట్లేదు. గర్భం రాకుండా మాత్రలు వేసుకునే ఆడవాళ్లలో ఇది బాగా చూశాం. మీలాంటి ఆడవాళ్ల మీద పరిశోధనలు చాలా తక్కువ. మీరు వాడే రకం ఈస్ట్రోజెన్ ఎంత ప్రభావం చూపిస్తుందో, అందరికీ ఒకేలా ఉంటుందో లేదో ఇప్పుడే చెప్పలేం. అందుకే ఊహలొద్దు. కొలుద్దాం."

"పొద్దుటి మాత్ర వేసుకున్నావా?" డాక్టరుగారు అడిగాడు.

"ఇంకా లేదండీ. సంచిలో ఉంది."

"మంచిది. రెండేళ్ల కిందట కూడా మాత్రకు ముందే రక్తం తీశాం. అప్పటి మట్టం తొమ్మిది."

వారం తర్వాత ల్యాబు కాగితం వచ్చింది. నాలుగు. సగం కూడా లేదు.

ఆ అంకెను చూసి ఇంత సంబరపడిన కుటుంబం ఆ ల్యాబు చరిత్రలో లేదు. "నాలుగట! నాలుగే!" అని అక్క వరండాలో అందరికీ చెప్పింది. ఎవరికో నాలుగో ర్యాంకు వచ్చిందనుకుని ఒక పెద్దావిడ దీవించింది.

యుద్ధం గెలిచిన వెంటనే సింహాసనం ఎక్కడం కుదరలేదు. లామోట్రిజిన్, తొందరపెడితే, ఒళ్లంతా ప్రమాదకరమైన దద్దుర్లు తెచ్చే స్వభావం గలది. అందువల్ల మోతాదును మెట్టు మెట్టుగా, వారాల తరబడి పెంచారు, మధ్యమధ్య రక్తం చూశారు. "రేపెప్పుడైనా హార్మోను మార్చినా, ఆపినా ముందు మాకు చెప్పాలి," అని డాక్టరమ్మ హెచ్చరించింది. "చీపురు నెమ్మదిస్తే ఇదే మోతాదు ఎక్కువైపోతుంది, తల తిరుగుతుంది." ఈసారి ఆ హెచ్చరికను డేగమ్మ అర్థం చేసుకుంటూ రాసుకుంది. ఒక చుక్క ఈస్ట్రోజెన్ కూడా తగ్గలేదు. ఇద్దరు ప్రభువులూ ఒకే సింహాసనం మీద, కాస్త సర్దుకుని, కూర్చున్నారు.

అంకె ఎనిమిదిన్నర దగ్గర నిలబడింది. నెల గడిచింది, రెండు, నాలుగు. చెంచా గాలిలో ఆగలేదు. రైళ్లన్నీ వేళకు అచ్చయ్యాయి. అయిదో నెలలో బాబాయి కుర్చీ దుమ్ము దులిపి, ఎర్ర కలం రెండు చేతులతో అందించాడు. ప్రెస్సులో చప్పట్లు మోగాయి. పట్టాభిషేకాలు అంతకంటే ఆర్భాటంగా జరిగి ఉండవచ్చు గాని, ఇంత న్యాయంగా జరిగి ఉండవు.

ఆ రోజు ఆమె బల్ల మీదికి వచ్చిన మొదటి పని ఆస్పత్రివారి కైపుస్తకం, కొత్త కూర్పు. డేగమ్మ వరస తప్పించి తిన్నగా నూట పద్నాలుగో పేజీ తీసింది. మూలలో సమయం వేసింది. చదివింది.

*ఈస్ట్రోజెన్ వాడే వారెవరిలోనైనా, వారి రికార్డులో లింగం ఏమని నమోదై ఉన్నా, ఈ మందు రక్తంలో తగ్గిపోవచ్చు. హార్మోను మొదలుపెట్టే ముందు, తర్వాత, మార్చినప్పుడు మట్టం కొలవాలి.*

వారెవరిలోనైనా. ఆ మాట దగ్గర ఆగింది. మళ్లీ వెనక్కి వెళ్లి చదివింది. ఈ వాక్యం అచ్చయి, కట్టలు కట్టి, ఎన్ని ఆస్పత్రుల బల్లల మీదికి వెళ్తుందో, తనకు ఎన్నడూ తెలియని ఎందరు తన తోబుట్టువులు దాని చలవ వల్ల కటింగ్ మెషిన్ల పక్కన నిటారుగా నిలబడి ఉంటారో ఊహించుకుంది. ముగింపు సమయం వేసి, సంతకం చేసి, బాబాయికి ఇచ్చింది.

బాబాయి మూల చూశాడు. "పన్నెండు నిమిషాలా?" కళ్లజోడు దించి పేజీ మీదికి వంగాడు. "అమ్మాయ్... ఇక్కడ ఆరో పంక్తి మళ్లీ లోపలికి జరిగి ఉంది. నువ్వు చూడలేదు. ఒంట్లో... బాగానే ఉందా?"

డేగమ్మ పేజీ తీసుకుని చూసింది. నిజమే. ఆరో పంక్తి ఒక అక్షరమంత లోపలికి జరిగి, దర్జాగా నిలబడి ఉంది. ఆమె పకపకా నవ్వింది. మెషిన్ల మోతను దాటి వినిపించేంత గట్టిగా నవ్వింది.

"బ్రహ్మాండంగా ఉంది బాబాయ్. అర్థం చేసుకుంటూ చదివాను."

బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు. పేజీ మూలలో పన్నెండు నిమిషాల పక్కన తన పొడి సంతకం కూడా చేశాడు.

"ఇవాళ్టికి వదిలేశా," అన్నాడు. "రేపటినుంచి మళ్లీ బుద్ధిగా, ఒక్క ముక్క అర్థం కాకుండా చదవాలి. ఆ పంక్తిని అంచుకు లాగు."

డేగమ్మ ఎర్ర కలం మూత తీసింది.